నల్ల జీపు మీద మట్టి

ఉమ్మ్ ఖలీల్ కన్నుమూసిందని ఆమె కొడుకు ఖలీల్ ఫోన్ చేసినప్పుడు నేను బహ్రెయిన్‌లోని సిత్రాలో, నేను పనిచేసే గ్యారేజీ సామాన్ల గదిలో ఉన్నాను. వయసులో ఉన్నప్పుడు ఆమె ఇంట్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఆమెను మేమంతా మామా అనేవాళ్లం. ఇక్కడి ఇళ్లలో పనికి కుదిరినవాళ్లు ఇంటి పెద్దామెను అలాగే పిలుస్తారు, పెద్దాయనను బాబా అంటారు. బాబా ఎప్పుడో పోయాడు. ఇప్పుడు ఆమె కూడా. మరునాడు సెలవు పెట్టి వాళ్ల ఊరు కర్జకాన్ వెళ్లాను. అంతకు ముందు రోజు వాన పడింది. బహ్రెయిన్‌లో వాన చలికాలంలో చుట్టపుచూపుగా వచ్చిపోయేదే, కానీ వచ్చిందంటే దారులన్నీ తెల్లటి బురద. ఆ బురదలో గోడ వెంట జాగ్రత్తగా నడుచుకుంటూ, ఒకప్పుడు కళ్లు మూసుకుని తిరిగిన ఇంటికి కొత్తవాడిలా చేరాను.

ఖలీల్ గడ్డం పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చిన్న కప్పులో ఏలకుల కాఫీ వచ్చింది. మా ఇద్దరి మధ్య భాష ఎప్పుడూ హిందీ, అరబ్బీ కలగలిసిందే. "చివర్లో అమ్మ ఎవరినీ గుర్తుపట్టలేదు. కానీ వాన చప్పుడు వింటే చాలు, గంగారాం ఇంటికొచ్చాడా, బండి బురదలోంచి బయటపడిందా అని అడిగేది. వచ్చాడమ్మా, పడుకున్నాడు అని చెప్పేవాణ్ని" అన్నాడు. కాఫీ కప్పు కింద పెట్టేశాను. గంగారాం మా బావ, మా లక్ష్మక్క పెనిమిటి. ఆయన పోయినప్పుడు ఆ ఇంట్లో పరుగులు తీసిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. నా సొంత ఊళ్లోనే ఆయన పేరు చెబితే ఏ గంగారాం అని అడిగేవాళ్లున్నారు. పరాయి దేశంలో ఒక ముసలామె, కన్న కొడుకునే మరిచిపోయాక కూడా, ఆయన కోసం వాకిలి వైపు చూస్తూ ఉందన్నమాట.

బయటికి వచ్చేసరికి సందులో, ఒక తెల్ల కారు దగ్గర, ఏదో కంపెనీ చొక్కా వేసుకున్న మనిషి పనిచేస్తున్నాడు. సీసాతో మందు చల్లి, ఎండిన మట్టి మీదనే గుడ్డ పెట్టి గుండ్రంగా తుడుస్తున్నాడు. ఇసుక రంగు మీద గీసుకునే ఆ సన్నని చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి. అతన్ని తప్పు పట్టను. ఇన్ని బండ్లు తుడవాలని పొద్దున్నే లెక్క చెప్పి పంపుతారు, నీళ్లు మోసుకు తిరిగే తీరిక ఎవరికీ లేదు. కానీ అక్కడ నిలబడితే మా బావ గొంతు వినిపించింది. "బర్రెను రుద్దినట్టు రుద్దకు బామ్మర్ది. బర్రె తోలు మందం. దీని తోలు ఉల్లిపొర."

బావది మా పక్క ఊరే. బర్లు కాసి పెరిగిన మనిషి. అక్కను చేసుకున్న ఏడాదికే ఇక్కడికి వచ్చాడు. మా ఊళ్లో బహ్రెయిన్ అన్న మాట ఎవరి నోటికీ పట్టదు. దుబాయి పోయిండు అంటారు, అంతే. కొన్నేళ్లకు నేనూ ఆయన వెనకే వచ్చి సిత్రాలో క్యాంపులో పడ్డాను. ఇనుప గొట్టాలు కట్టి మనుషులను పైకి ఎక్కించే పని. ఒక గదిలో మంచం మీద మంచం, కిటికీ తెరిస్తే నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీ వాసన, మూస్తే అందరి చెమట వాసన. శుక్రవారం శుక్రవారం బావ వచ్చేవాడు. గంటసేపు నా మంచం అంచున కూర్చుని, ఊరి ముచ్చట్లు చెప్పి, వెళ్లేటప్పుడు నా అరచేతులు తిప్పి చూసేవాడు. ఒకసారి అలా చూసి, "గీ చేతులు మీ అక్కకు కనవడితె నన్ను బతకనియ్యది" అన్నాడు. ఏం చెప్పి బాబాను ఒప్పించాడో తెలియదు, కొన్ని నెలలకు నా వీసా కాగితాలు మామా ఇంటి పేరు మీదికి మారాయి. బావ డ్రైవరు. నాకు ఖర్జూరపు తోటకు నీళ్లు కట్టడం, బండ్లు కడగడం.

ఆ ఇంట్లో పొద్దు చాలా మెల్లగా తెల్లారేది. మసీదులో మొదటి పిలుపుకు ముందే బావ లేచి తలకు తువాలు చుట్టుకునేవాడు. తోట కాలువలో నీళ్లు వదిలితే తడిసిన మట్టి వాసన, దాని వెనకే వంటింట్లోంచి ఉల్లిపాయ వేగుతున్న వాసన. వంటింట్లో ఉండేది సత్యవతి, గోదావరి వైపు మనిషి. బావను అన్నయ్యగారూ అని, నన్ను తమ్ముడూ అని పిలిచేది. "సేతులు కడుక్కుని రండి అన్నయ్యగారూ, టీ సల్లారిపోతంది" అని తలుపులోంచి కేకేసేది. ఆమె భాషను బావ వెక్కిరించేవాడు, బావ భాషను ఆమె వెక్కిరించేది. టీ మాత్రం రెండు గ్లాసులు తెచ్చి ఒకటి బావకు, ఒకటి నాకు ఇచ్చి, మేం తాగేదాకా అక్కడే నిలబడేది. కాసేపటికి మామా వచ్చి గుమ్మం పక్కన పొట్టి పీట మీద కూర్చునేది. నల్లటి వస్త్రం, చేతిలో జపమాల, పక్కన కాఫీ కూజా. సాంబ్రాణిలాంటి ధూపం ఆమె బట్టల్లోంచి ఎప్పుడూ వస్తూ ఉండేది. మేం బండ్లు కడుగుతుంటే ఆమెకు అదొక కాలక్షేపం. ఒక పెదవి విరుపు, ఒక తల ఊపు, అంతే. బావ మాత్రం ఆమె ఆ తల ఊపేదాకా గుడ్డ పిండి ఆరేసేవాడు కాదు.

బండ్లలో అందరికీ ముద్దు నల్ల జీపు. ఎడారిలో తిరిగేది అదే. "తెల్ల బండి తప్పు దాస్తది, నల్ల బండి చాడీలు చెప్తది" అనేవాడు బావ. మాకు ముందు పనిచేసినవాడు ఎప్పుడో బానెట్ మీద తుడిచిన గుండ్రటి గీతలు ఎండ ఏటవాలుగా పడినప్పుడు సాలెగూడులా కనిపించేవి. నన్ను నిలబెట్టి అవి చూపించాడు. వాన వెలిసిన మరునాడు నాకు పాఠం మొదలైంది. ముందు జీపును నీడకు తెచ్చి, బానెట్ చల్లబడేదాకా ఊరికే కూర్చోబెట్టాడు. వేడి మీద నీళ్లు పోస్తే అక్కడికక్కడే ఆరి మరకలవుతాయట. తర్వాత పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, నీళ్లను వెడల్పు చేసి, కప్పు మీది నుంచి వదిలాడు. చక్రాల గూళ్లలో ముద్దలు కట్టిన మట్టిని మాత్రం నేరుగా కొట్టాడు. నేను గుడ్డ తీసుకుని ముందుకు వెళ్తే మోచేయి పట్టి ఆపాడు.

"ఏమాయె?"

"ఏం గాలే. మట్టి నానాలె. నాననియ్యి."

"నీళ్లు పోసినంగద బావా."

"పోసినం. ఎండిన మట్టిల ఇసుక ఉంటది. నువ్వు గుడ్డ వెట్టినవంటె ఆ ఇసుకతోనే దీన్ని గీకినట్టు. నీళ్లు ఎంత పని చెయ్యగలిగితె అంత చెయ్యనియ్యి. మిగిలిందే మన చెయ్యి."

ఆ మట్టి నానేంతసేపు మేం టీ తాగాం. మళ్లీ నీళ్లు. పెద్ద ముద్దలన్నీ పాలలా కారిపోయాక అప్పుడు సబ్బు. ఒక బకెట్‌లో సబ్బు నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. మామా పారేయమన్న గొర్రె ఉన్ని పరుపులోంచి ఒక ముక్క కోసి, సంచిలా కుట్టి చేతికి తొడుక్కునేవాడు. ఒక వైపు సబ్బు రాయడం, దాన్ని ఉత్త నీళ్లలో జాడించి మట్టి వదిలించడం, అప్పుడే మళ్లీ సబ్బులో ముంచడం. కప్పు నుంచి కిందికి, నిలువుగా, బరువు వేయకుండా. తలుపుల అడుగుభాగం అన్నిటికంటే ఆఖర్న, దానికి వేరే గుడ్డ. చేతిలోది జారి నేల మీద పడితే ఇక ఆ పూట అది బండిని తాకకూడదు. ఆఖర్న పెద్ద మెత్తటి తువాలును తడి మీద పరిచి, రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగేవాడు. ఇంతా చేసి, నేను గుడ్డతో హడావుడిగా చేస్తే పట్టేంత సమయం కూడా పట్టేది కాదు. మళ్లీ మళ్లీ రుద్దే పని లేదు కనుక. నేను ఆశ్చర్యపోతే నవ్వేవాడు.

అలా ఎన్నో చలికాలాలు గడిచాయి. చలి మొదలవగానే ఆ ఇంటివాళ్లు సఖీర్ వైపు ఎడారిలో గుడారాలు వేసుకునేవాళ్లు. సెలవు వచ్చిందంటే అందరూ అక్కడే. ఆ ఏడు మామా మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. గుడారాల దగ్గర బాబా, ఖలీల్, చిన్నపిల్లలు. రాత్రంతా వాన కురిసి, తెల్లారాక కూడా తెరపి ఇవ్వలేదు. మామా, సత్యవతి కలిసి మాంసం వేసి పెద్ద గిన్నె నిండా అన్నం వండారు. ఆ గిన్నె, పొడి దుప్పట్లు జీపులో పెట్టుకుని బావ బయల్దేరాడు. నేను తోటలో నిలిచిన నీళ్లకు దారి తీస్తున్నాను. జీపు ఆపి అద్దం దించి అన్నాడు.

"రేపు నీకు పండుగే బామ్మర్ది. బండి నిండ మట్టి తెస్త."

"తే, నేనొక్కన్నే కడుగుత. నువ్వు కూసోని చూడు" అన్నాను.

తర్వాత జరిగింది ఖలీల్ చెప్పగా విన్నదే. తిరిగి బయల్దేరేసరికి వాన వెలిసింది, కానీ గుడారాల పక్కనే జీపు మెత్తటి నేలలో ఇరుసు దాకా దిగింది. ఖలీల్ నెట్టబోతే, నీ బట్టలు ఖరాబైతే మామా నన్ను తిడుతుంది అని అతన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, బావే ఇంకో ఇద్దరితో వెనక నుంచి నెట్టాడు. చాలాసేపటికి బండి బయటపడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బావ నవ్వుతూ చేతులు ప్యాంటుకు తుడుచుకుని, జీపు మెట్టు మీద కూర్చుని, పానీ అన్నాడు. నీళ్లు తెచ్చేసరికి తల పక్కకు వాలిపోయి ఉంది. ఆసుపత్రికి అదే జీపులో తీసుకెళ్లారు. అక్కడ చెప్పడానికేమీ మిగలలేదు.

మరునాడు జీపు వచ్చి రేకుల షెడ్డులో నిలబడింది. మళ్లీ వాన రాలేదు. ఎండ వచ్చింది. ఏం చేయాలో తెలియక నేను దాని చుట్టూ తిరిగాను. వెనక తలుపు మీద, నా భుజాల ఎత్తులో, మట్టిలో రెండు అరచేతులు. నెట్టినప్పుడు కొంచెం జారి మళ్లీ గట్టిగా ఆనినట్టు. కుడిచేతి చిటికెన వేలు మిగతా వాటికి దూరంగా పక్కకు తిరిగి ఉంది. చిన్నప్పుడు గోడకూ బర్రెకూ మధ్య నలిగి, సరిగా అతుక్కోని వేలు. ఇంకెవరివో అని నన్ను నేను మభ్యపెట్టుకోవడానికి కూడా వీల్లేదు. నా చేతులు వాటి మీద ఆనించాలనిపించింది. చెయ్యి చాపాను కూడా. కానీ మట్టి అప్పటికే ఎండిపోయింది. ఎండిన మట్టి మీద చెయ్యి పెడితే ఏమవుతుందో ఆయనే నేర్పాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇంటికి మనుషులు వచ్చిపోతున్నారు, బండి కడిగించమని ఎవరో బాబాతో అన్నారు. ఆ మాట విని మామా మోకాళ్లు పట్టుకుంటూ షెడ్డులోకి వచ్చింది. ఆ చేతులను చూసింది. చాలాసేపు చూసి, "ఖల్లీ" అంది. వదిలెయ్యండి అని. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ జీపు మాట ఎత్తలేదు. మరునాడు పొద్దున సత్యవతి టీ తెచ్చింది. రెండు గ్లాసులు. నాకొకటి ఇచ్చి, రెండోది చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అలవాటు తమ్ముడూ" అంది. ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో మా ఇద్దరికీ తెలియలేదు.

బావను ఊరికి పంపే కాగితాలకు రోజులు పట్టాయి. అక్కకు అప్పటిదాకా బావ ఆసుపత్రిలో ఉన్నాడని మాత్రమే చెప్పించారు మా ఊరి పెద్దలు. ఆ రోజు అక్కే ఫోన్ చేసింది. నేను షెడ్డులోనే ఉన్నాను.

"తమ్మి, నిజం చెప్పు. ఆయన దవాఖానల లేడు గదా."

"లేడక్క."

ఫోన్‌లో ఎక్కడో కోడి అరవడం వినిపించింది. అక్క ఏడవలేదు. "కింద వడ్డడా?" అని అడిగింది.

"పడలే. కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే."

"నీళ్లు తాగిండా?"

"అడిగిండు. తెచ్చిన్రు. తాగలే అక్క."

అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడుపు ఆగేదాకా నేను ఆ తలుపు వైపే చూస్తూ ఉన్నాను. ఎందుకు చెప్పానో తెలియదు, ఆ చేతుల సంగతి చెప్పాను. మట్టిల బావ చేతులు వడ్డయి, అట్లనే ఉన్నయి అన్నాను.

"నాకు చూడొస్తదా?"

"ఎట్లొస్తదక్క. నా ఫోన్ల ఫోటో రాదు."

"ఎండిపోయినయా?"

"ఎండిపోయినయ్. అంచులు రాల్తున్నయ్."

"అయితె రాలిపోనియ్యకు. నువ్వే కడుగు. వేరేటోళ్లు చెయ్యి వెట్టొద్దు. మెల్లగ కడుగు తమ్మి."

బావ ఉన్న పెట్టెను విమానాశ్రయానికి తీసుకెళ్లే రోజు రానే వచ్చింది. దాని వెంట నల్ల జీపే పోవాలని బాబా అన్నాడు. గంగారాం నడిపిన బండి అదే కనుక. ఆ పొద్దున నేను జీపును నీడలోనే ఉంచి, పైపు మూతికి వేలు అడ్డం పెట్టాను. కప్పు, అద్దాలు, పక్క తలుపులు, చక్రాలు అన్నీ అయ్యాయి. వెనక తలుపు ఆఖరుకు మిగిలింది. మామా పీట తెప్పించుకుని కూర్చుంది. సత్యవతి గుమ్మంలో నిలబడింది. పైనుంచి నీళ్లు వదిలాను. మట్టి ముందు రంగు మారింది, ముదురుగా తడిసింది. ఒక క్షణం ఆ చేతులు అప్పుడే ఎవరో పెట్టినట్టు తేటగా కనిపించాయి. గీతలు కూడా తెలిశాయి. తర్వాత వేళ్ల కొసలు కరిగాయి, అరచేతులు కరిగాయి, తెల్లటి నీరు బంపరు మీదుగా కాలువలోకి, అక్కడి నుంచి తోటలోకి పోయింది. నేను తాకలేదు. నీళ్లు ఎంత చేయగలవో అంతా నీళ్లే చేశాయి. ఆ తర్వాత చేతికి ఉన్ని తొడుక్కుని, సబ్బు పెట్టి, జాడించి, తువాలు పరిచి లాగాను. ఎక్కడా ఒక్క గీత పడలేదు. ఆ నల్లటి తలుపులో నా మొహం కనిపించింది. మామా తల ఊపలేదు. వస్త్రం అంచుతో కళ్లు మూసుకుంది.

నేను పెట్టెతో ఊరికి వెళ్లి, కర్మకాండ ముగించి, మళ్లీ వచ్చాను. బావ సీటులో కూర్చుని చాలా ఏళ్లు ఆ బండ్లు నడిపాను. అద్దం సరిచేసుకోవడానికే నాకు చాలా రోజులు పట్టింది. తర్వాత సత్యవతి గోదావరికి వెళ్లిపోయింది. జీపును అమ్మేశారు. పిల్లలు తలా ఒక ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడు బండి కడగాలంటే ఎక్కడ చూసినా యంత్రాలే. నురగ కొట్టి, నీళ్లు కొట్టి, గాలి కొట్టి పంపుతారు. బాగానే ఉంటుంది. మా గ్యారేజీకి వచ్చే కొత్త కుర్రాళ్లు పొద్దునా సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేస్తారు, పెళ్లాం పిల్లలను పక్కన కూర్చోబెట్టుకున్నట్టే అన్నం తింటారు. వాళ్లను చూసి సంతోషపడతాను. ఆ వెంటనే, ఆ రోజుల్లో ఈ ఫోన్ ఉంటే అక్క ఆ చేతులు చూసేది కదా అనుకుంటాను. ఆ ఆలోచన దగ్గర నాకు దారి ముగిసిపోతుంది.

మామా పోయిన సంగతి చెప్పడానికి శుక్రవారం పొద్దున అక్కకు ఫోన్ చేశాను. అక్క ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. ఇన్నేళ్లు బీడీలు చుట్టిన వేళ్లు ఇక వంగడం లేదు. మామా మాట చెబితే, "మంచి ముసల్ది" అంది.

"తమ్మి, ఒకటి అడుగుత. నవ్వొద్దు."

"అడుగక్క."

"ఆయన నిద్రల గురక వెడుతుండెనా?"

నేను నవ్వలేదు.

"బిడ్డ అడిగింది, నాయిన ఎట్లుండేటోడు అని. ఏం చెప్పాలన్నా నాకు యాదికొస్తలేదు. వచ్చినప్పుడల్ల ఇంటి నిండ మంది. ముచ్చట్లు ఒడువకముందే మల్ల పోవుడు. ఆయనతోని నాకన్న నువ్వే ఎక్కువున్నవ్ తమ్మి."

బావ గదిలో నా మంచం ఆయన మంచానికి ఎదురుగా ఉండేది. అది నాకొక భాగ్యమని అప్పటిదాకా తోచలేదు.

"గురక వెట్టకపోతుండె" అన్నాను. "ఎడమ పక్కకు తిరిగి, మోచెయ్యి తల కింద వెట్టుకొని పండుకునేటోడు. ఎండకాలం గూడ కాళ్ల మీద దుప్పటి ఉండాలె."

"ఇంక?"

"లేవంగనే ఎవ్వలతోని మాట్లాడకపోతుండె. మొఖం కడిగినంకనే మాట."

అక్క అటు తిరిగి కూతురికి ఆ మాట చెప్పడం వినిపించింది. మళ్లీ ఫోన్ చెవి దగ్గరికి వచ్చింది.

"ఇంక చెప్పు" అంది.